కొడైకెనాల్ కొండమీద ఏడు దినములు

తమిళనాడులో మదురైకి వాయువ్యంగా పళని కొండలు ఉన్నవి. ఆ కొండలమీద, సముద్రమట్టానికి సుమారు 7,000 అడుగుల ఎత్తున కొడైకెనాల్ ఉన్నది. కొత్తగా పెళ్లయినవారు, సినిమా తీసేవారు, వేసవి సెలవుల్లో పిల్లలను తీసుకొని వెళ్లేవారు, ఇలా విహారానికి వెళ్లే ఊరుగానే మనలో చాలామందికి అది తెలుసు. కాని ఆ ఊరు పుట్టింది విహారం కొరకు కాదు. మైదానంలో పనిచేసి, అలసి, జబ్బుపడి, ఒకరి వెంట ఒకరు మట్టిలో కలిసిపోతున్న సువార్త సేవకులు బ్రతికి బట్టకట్టడం కొరకు పుట్టింది. ఈ సంగతి తెలిసిన తరువాత ఆ కొండను ఒకసారి చూడాలని మాకు గట్టిగా అనిపించింది.

మేము అంటే నలుగురు పాస్టర్లము, మా భార్యలు. అందరమూ నలభై దాటినవారమే. ఒకే చోట వేదాంత డిప్లొమా చదువుకొని కృష్ణా, గుంటూరు జిల్లాల పల్లె సంఘాల్లో పనిచేస్తున్నాము. చదువు ముగిసిన తరువాత అందరము కలిసి ఒకచోట రెండు రాత్రులు గడిపింది లేదు. కలిసినా అది ఎవరి పెళ్లిలోనో, ఎవరి సమాధి కార్యక్రమంలోనో, ఉజ్జీవ సభల వేదికమీదనో. అప్పుడు కూడా మాటలు సగంలో ఆపి ఎవరి బస్సుకు వారు పరుగెత్తడమే.

మాలో పెద్దవాడైన అన్నగారు ఒక ఈస్టరు దినాన మూడవ ఆరాధనలో పుల్పిట్ పట్టుకొని నిలబడినవారు నిలబడినట్టే కూలిపోయారు. తెల్లవారుజామున నాలుగు గంటలకు సమాధుల తోటలో పునరుత్థాన ఆరాధన, తరువాత మందిరంలో ఒకటి, అక్కడినుండి మోటారు సైకిలుమీద పక్క ఊరిలో ఇంకొకటి. డాక్టరుగారు బి.పి. చూసి, షుగరు చూసి, "మీకు ఎప్పటినుండి నిద్ర సరిగా లేదు?" అని అడిగారట. అన్నగారు "శ్రమదినములు మొదలైనప్పటినుండి" అన్నారు. పక్కనే నిలబడియున్న అక్కయ్యగారు "ఏ ఏటి శ్రమదినములండీ? పద్నాలుగేళ్ల క్రితం వాటినుండా?" అన్నారు. ఈ మాట అక్కయ్యగారే మాకు చెప్పి నవ్వారు గాని ఆ నవ్వులో ఎంత దుఃఖమున్నదో మాలో ఆడవాళ్లకు వెంటనే అర్థమైంది.

పాస్టరుగారికి ఆదివారం ఒక్కటే పని అనుకొనేవారు మన సంఘాల్లో ఇంకా ఉన్నారు. ఒక పెద్దమనిషి మాలో ఒకరితో "వారానికి ఒకరోజు పని, ఆరు రోజులు విశ్రాంతి, మీకేమి అయ్యగారూ" అని ముఖంమీదనే అన్నాడు. పాస్టరు సంవత్సరం ఎలా నడుస్తుందో అతడు ఎన్నడూ లెక్కవేసి ఉండడు. నడిరాత్రి నూతన సంవత్సర ఆరాధనతో ఏడాది మొదలవుతుంది. నలభై దినాల శ్రమదినములు, మట్టలాదివారం, మంచి శుక్రవారపు మూడు గంటలు, ఈస్టరు. మే ఎండలో వి.బి.ఎస్. తరువాత పెళ్లిళ్లు. ఆపైన కోతపండుగ, స్త్రీల సభలు, యౌవనస్థుల కూటములు. డిసెంబరు ఒకటో తేదీనుండి రాత్రి రెండు గంటలవరకు క్యారల్స్. వీటి మధ్యలో ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థన, గృహదర్శనములు, ఆసుపత్రులు, పోలీసు స్టేషను, భార్యాభర్తల తగవులు, ఫీజు కట్టలేని పిల్లవాడి కాలేజీ. చావు మాత్రం క్యాలెండరు చూసి రాదు. ఇప్పుడు సెల్‌ఫోను కూడా వచ్చింది గనుక తలగడ కింద కూడా సంఘమే.

శ్రమదినములు, వి.బి.ఎస్.లు ముగిసి, క్రిస్మస్ హడావిడి ఇంకా అందుకోని సెప్టెంబరు నెల చూసుకొని బయలుదేరాము. ఖర్చు కొరకు రెండేళ్లు తలా కొంచెం దాచాము. చెన్నైనుండి రాత్రి పాండ్యన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారకముందే కొడైకెనాల్ రోడ్ స్టేషనులో దించింది. పేరు చూసి ఊరు వచ్చేసిందనుకోకూడదు. అక్కడినుండి కొండమీదికి ఇంకా సుమారు 80 కిలోమీటర్లు. వత్తలగుండు దాటిన తరువాత ఘాట్ రోడ్డు మొదలవుతుంది. మొదట చింతచెట్లు, మామిడితోటలు, ఆపైన కాఫీ, అరటి, ఆపైన పొగమంచు. చిన్న తమ్ముడి భార్యకు వాంతులైనవి. అల్లం మురబ్బా పెట్టుకొని వెళ్లడం మంచిది. ఊరు ఇంకా కొన్ని మైళ్లు ఉందనగా సిల్వర్ కాస్కేడ్ అనే జలపాతం రోడ్డు పక్కనే పడుతూ ఉంటుంది. వ్యాను ఆపి ముఖాలు కడుగుకొన్నాము. ఆ నీళ్ల చల్లదనానికి గుంటూరు ఎండ ఒక్కసారిగా ఏళ్ల నాటి సంగతైపోయింది.

అమెరికా మిషనరీలు 1834లో యాళ్పాణం వైపునుండి మదురైకి వచ్చి పని ప్రారంభించారు. ఆ మైదానపు వేడి, కలరా, విషజ్వరాలు వారిని వదలలేదు. మిషనరీలు పోయారు, వారి భార్యలు పోయారు, పసిబిడ్డలైతే మరీ ఎక్కువగా పోయారు. దగ్గరలోని సిరుమలై కొండలను మొదట ప్రయత్నించారు గాని అక్కడ కూడా జ్వరాలు తప్పలేదు. చివరకు ఇంకా ఎత్తైన పళని కొండలకు ఎక్కి 1845లో రెండు బంగళాలు కట్టుకొన్నారు. ఒకదానికి సన్నీసైడ్ అని, రెండవదానికి షెల్టన్ అని పేరు. కొడైకెనాల్ పట్టణానికి అదే ఆరంభం. సరస్సు ఆ తరువాత 1863లో, మదురై కలెక్టరుగా పనిచేసిన వెర్ హెన్రీ లెవింజ్ దొర చొరవతో ఏర్పడింది. లోయ అంచున నడిచే కోకర్స్ వాక్ అనే బాట 1872 నాటిది. మిషనరీల పిల్లల కొరకు 1901లో పెట్టిన బడి ఇప్పుడు కొడైకెనాల్ ఇంటర్నేషనల్ స్కూల్ అయినది.

ఇందులో మన తెలుగు సంఘానికి కూడా సంబంధమున్నది. ఫాదర్ హయ్యర్ గారు గుంటూరులో అడుగుపెట్టింది 1842 జూలై 31న. అంటే కొడైలో మొదటి ఇల్లు లేచినది ఆయన గుంటూరు వచ్చిన మూడేళ్లకు. తరువాతి కాలంలో గుంటూరు లూథరన్ మిషన్ దొరలు, దొరసానులు వేసవి నెలల్లో ఈ కొండకే వచ్చేవారు. మన తాతలు "అయ్యగారు కొండకు పోయారు" అని చెప్పుకొన్న కొండల్లో ఇది ఒకటి.

ఇక్కడ ఒక మాట దాచకుండా వ్రాయాలి. మోటారు రోడ్డు ఇరవయ్యో శతాబ్దపు రెండవ దశకంలో గాని రాలేదు. అంతకుముందు పెరియకుళం వైపునుండి కాలిబాటన ఎక్కాలి. ఎక్కలేని దొరలను, దొరసానులను, బిడ్డలను, పెట్టెలను కూలీలు డోలీల్లో భుజాలమీద మోసుకొని పైకి చేర్చేవారు. ఆ కూలీలకు కొండపైన విశ్రాంతి గృహం లేదు. దొరగారు కొండమీద ఉన్న ఏప్రిల్, మే నెలల్లో కింద మన పల్లెల్లో ప్రార్థన నడిపించింది, కలరా వచ్చిన ఇంటికి వెళ్లింది, చచ్చినవారిని పాతిపెట్టింది మన ఉపదేశిగారు, మన బైబిలు స్త్రీ. వారికి ఫర్లో లేదు, కొండ లేదు. మిషనరీలను తప్పుపట్టడానికి ఈ మాట వ్రాయడం లేదు. వారు కొండ ఎక్కకపోతే ఇంకా చాలామంది యౌవనంలోనే సమాధిలో ఉండేవారు. విశ్రాంతి అవసరమని వారు సరిగానే గ్రహించారు. అయితే ఆ గ్రహింపు జీతపు పట్టికలో కింది వరుసదాకా దిగిరాలేదు. దొరలు వెళ్లిపోయిన తరువాత బంగళాలు, స్కూళ్లు, ఆసుపత్రులు మనకు వచ్చినవి గాని, సేవకునికి ఏడాదిలో కొన్ని దినాలు పని ఆపే అలవాటు మాత్రం మన సంఘాలకు రాలేదు. వచ్చియుంటే అన్నగారు పుల్పిట్ దగ్గర పడిపోయేవారు కారేమో.

మేము దిగిన గెస్ట్‌హౌస్ పెద్దదేమీ కాదు. నాలుగు గదులు, రెండేసి రగ్గులు, ఒక తమిళ వంటమనిషి. మొదటి దినం ఉదయం ఆరు గంటలకే పాస్టరమ్మలు నలుగురూ అలవాటు చొప్పున వంటింట్లోకి వెళ్లారు. వంటమనిషి పెద్దాయన చేతులూపుతూ తమిళంలో ఏదో చెప్పి బయటికి పంపేశాడు. కాసేపటికి వారే కాఫీ గ్లాసులు పట్టుకొని మెట్లమీద కూర్చున్నారు. ఒకరు "అక్కా, ఇప్పుడు మనమేమి చేయాలి?" అన్నారు. "ఏమో చెల్లీ, నాకూ తెలియడంలేదు" అన్నారు రెండవవారు. పాస్టరుకు విశ్రాంతి గురించి మాట్లాడేవారు కూడా పాస్టరమ్మను మరచిపోతారు. వచ్చిన ప్రతివారికి టీ ఇచ్చేది ఆమె, స్త్రీల సమాజం నడిపేది ఆమె, అర్ధరాత్రి తలుపు తట్టినవారికి మొదట లేచేది ఆమె. ఆమెకు జీతం లేదు గనుక సెలవు అనే మాట కూడా పుట్టలేదు.

అన్నగారు మొదటి రెండు దినాలు నిద్రపోయారు. నిజంగా నిద్రపోయారు. భోజనానికి లేచి, తిని, మళ్లీ పడుకొన్నారు. అక్కయ్యగారు మధ్య మధ్య వెళ్లి ఊపిరి చూసి వచ్చారు. అప్పుడు మేము మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం తీసి చదువుకొన్నాము. కర్మెలు కొండమీద అంత గొప్ప జయం పొందిన ఏలీయా బెయేర్షెబా దాటి, అరణ్యంలో బదరీవృక్షం కింద పడుకొని చావును కోరుకొన్నాడు. ఈ భాగంమీద మేమందరము ప్రసంగాలు చేసినవారమే. అయినా దేవుడు అక్కడ ప్రవక్తకు ప్రసంగం చేయలేదన్న సంగతి ఆ గదిలో, పక్క గదిలోనుండి అన్నగారి గురక వినబడుతుండగా, కొత్తగా కనబడింది. విశ్వాసం చాలలేదని గద్దించలేదు. దూత తట్టి లేపి నిప్పులమీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చాడు. ఏలీయా తిని మళ్లీ పడుకొంటే పడుకోనిచ్చాడు. రెండవసారి లేపినప్పుడు కూడా మొదట భోజనమే. హోరేబు దగ్గర మాటలు, కొత్త పని అప్పగించడం, తోడుగా ఎలీషాను ఇవ్వడం అన్నీ తరువాత వచ్చినవి.

ఫోన్ల గురించి ముందే ఒక కట్టడి పెట్టుకొన్నాము. ఎనిమిది ఫోన్లూ ఒక స్టీలు డబ్బాలో వేసి చిన్న తమ్ముడి భార్యకు అప్పగించాము. ఆమె సాయంత్రం ఆరింటికి ఒకసారి చూసి, అవసరమైతేనే చెప్పాలి. మొదటి సాయంత్రం వచ్చినవన్నీ అవసరం లేనివే. గేదె తప్పిపోయిందని ప్రార్థన కోరినవారు ఒకరు. గేదె మరునాడు దానంతటదే ఇంటికి వచ్చిందట.

మూడవ దినం సాయంత్రం ఆమె డబ్బా పట్టుకొని వచ్చి అన్నగారివైపు చూసి నిలబడిపోయింది. అన్నగారి సంఘంలో ఒక వృద్ధురాలు ఆ మధ్యాహ్నం ప్రభువునందు నిద్రించింది. ఆ ఊరికి అన్నగారు వచ్చిన మొదటి సంవత్సరం, మందిరం లేనప్పుడు, తన పాకలో ప్రార్థన పెట్టుకోనిచ్చిన తల్లి ఆమె. "నన్ను నీ చేతులతో మట్టి చేయాలి బాబూ" అని ఆయనతో చెప్పుకొన్న మనిషి. సమాధి మరునాడు పది గంటలకు. ఆ క్షణమే వ్యాను మాట్లాడుకొని బయలుదేరినా మరునాటి రాత్రికి గాని ఊరు చేరడం కష్టం.

అన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత లేచి చెప్పులు తొడుక్కొన్నారు, మళ్లీ విప్పారు. "వాళ్లు ఆపుతారేమో అడుగుతాను" అన్నారు. అక్కయ్యగారు అడ్డు చెప్పలేదు, ఏడుస్తూ సంచి సర్దసాగారు. మాలో ఎవరికీ ఏమి చెప్పాలో తెలియలేదు. వెళ్లండి అని చెప్పాలో, ఉండండి అని చెప్పాలో. ఉన్న నిజం ఉన్నట్టు వ్రాస్తే, ఆ గంటలో విశ్రాంతి గురించి మేము చదువుకొన్నదంతా తేలికైన మాటల్లాగే కనిపించింది.

ఫోను ఎత్తింది సంఘపెద్దల్లో చిన్నవాడు. వడ్రంగి పని చేసుకొనే మనిషి. అన్నగారు విషయం చెప్పబోతే అతడే "అయ్యగారూ, మీరు రావద్దు. పెట్టె నేనే చేస్తున్నాను. పక్క ఊరి పాస్టరుగారు వస్తామన్నారు. పాటలు స్త్రీల సమాజం వాళ్లు చూసుకొంటారు. అవ్వ మనవడు కూడా ఇదే మాట చెప్పమన్నాడు" అన్నాడు. అన్నగారు "మట్టి..." అని ఆగిపోయారు. అటువైపు అతడు కాసేపు ఊరుకొని, "మీ పేరు చెప్పి నేను వేస్తాను" అన్నాడు.

మరునాడు పది గంటలకు మేము ఎనిమిదిమందిమి కోకర్స్ వాక్ చివర, లోయ అంచున నిలబడి ప్రార్థన చేసుకొన్నాము. పొగమంచులో ఒకరి ముఖం ఒకరికి సరిగా కనబడలేదు. అన్నగారు ఆ తల్లి గురించి అరగంట చెప్పారు. ఆమె పాకలో మొదటి దినం వచ్చిన అయిదుగురి పేర్లు కూడా చెప్పారు. మధ్యాహ్నం ఫోను వచ్చింది. అంతా క్రమంగా జరిగింది, ఊరంతా వచ్చారు అని. ఆయన విన్నారు, సంతోషించారు, కొంచెం నొచ్చుకొన్నారు కూడా. తాను లేకుండా జరగదనుకొన్న పని జరిగినప్పుడు సేవకుని లోపల ఏదో ఒకటి కలుక్కుమంటుంది. యిత్రో అరణ్యానికి వచ్చి, ఉదయంనుండి సాయంత్రందాకా ఒక్కడే కూర్చొని తీర్పు తీరుస్తున్న అల్లుణ్ణి చూసి, ఇది నీ ఒక్కడివల్ల అయ్యే పని కాదు, నీవూ ప్రజలూ కలిసి నలిగిపోతారు అని చెప్పినప్పుడు మోషేకు కూడా అలాగే అనిపించిందేమో, నిర్గమకాండము 18వ అధ్యాయంలో వ్రాయలేదు. మామగారి మాట విన్నాడని మాత్రం ఉన్నది. వడ్రంగి పని చేసే ఆ చిన్నపెద్దకు ప్రార్థన చేయడం, వాక్యం చదవడం నేర్పించింది అన్నగారే. నేర్పించినది అక్కరకు వచ్చే సమయం కొండ ఎక్కితే గాని రాలేదు.

మిగిలిన దినాలు తేలికగా నడిచిపోయినవి. సరస్సు చుట్టూ సుమారు అయిదు కిలోమీటర్ల బాట. రెండుసార్లు నడిచాము. ఒకసారి పాటలు పాడుకొంటూ, ఒకసారి మాట్లాడకుండా. మాట్లాడకుండా నడవడం పాస్టర్లకు ఎంత కష్టమో మా భార్యలను అడగండి. సూర్యుని పరిశీలించే వేధశాల 1899లో ఇక్కడ నెలకొన్నది. మన హైదరాబాదులో పెరిగిన ఖగోళ శాస్త్రజ్ఞుడు వైణు బప్పు 1960లో దానికి డైరెక్టరుగా వచ్చారు. కొండ వాలుల్లో కురింజి పొదలు చూపించారు. పన్నెండేళ్లకు ఒకసారి గాని పూయవు. 2006లో పూసి, మళ్లీ 2018లో పూసినవి. మేము చూసినప్పుడు ఆకులే ఉన్నవి. పువ్వు లేని ఆ పొదను పనికిమాలినదని ఎవరూ నరకడం లేదు.

నెబో అనే పేరుగల కొండ కూడా ఇక్కడ ఉన్నది. వాగ్దాన దేశాన్ని దూరంనుండి చూసి మోషే కన్నుమూసిన కొండ పేరు దీనికి పెట్టుకొన్న మిషనరీల మనసులో ఏమున్నదో గాని, ఆ పేరు వినగానే మేము లేవీయుల సంగతి మాట్లాడుకొన్నాము. సంఖ్యాకాండము 8వ అధ్యాయం ప్రకారం ఇరవై అయిదేళ్లకు ప్రత్యక్ష గుడారపు సేవలో చేరిన లేవీయుడు యాభై ఏళ్లకు ఆ పని మాని, తన సహోదరులకు తోడుగా మాత్రం ఉండాలి. గుడారాన్ని మోసేవాని నడుము గురించి దేవుడు అంత లెక్క చూశాడు. "అయితే నాకు ఇంకా మూడేళ్లే" అన్నారు మాలో ఒకరు. "పిల్ల పెళ్లి ఎవరు చేస్తారు?" అన్నారు ఆయన భార్య. అక్కడితో ఆ ధ్యానం ముగిసింది.

డోలీ మోసినవారి సంగతి మా మనసులోనుండి పోలేదు. స్టాన్లీ జోన్స్ గారు 1907లో మన దేశం వచ్చి, కొన్నేళ్లకే నరాల బలహీనతతో పదే పదే కుప్పకూలినవారు. కొండలకు వెళ్లి వచ్చినా మళ్లీ పడిపోయారు. లక్నోలో ఒక రాత్రి ప్రార్థనలో తన భారమంతా ప్రభువుకు విడిచిపెట్టిన తరువాత ఆయన తేరుకొన్నారు. 1930లో కుమావూ కొండల్లో సాత్ తాల్ దగ్గర ఆశ్రమం పెట్టినప్పుడు అక్కడ పాకీపని చేసే మనిషికి కూడా వారంలో ఒక దినం సెలవిచ్చి, ఆ దినం ఆ పని ఆశ్రమవాసులే చేసేవారు. మేము కూడా చివరి దినం వంటమనిషి పెద్దాయనను కూర్చోబెట్టి మేమే వండాము. పప్పు, గోంగూర పచ్చడి, పెరుగు. గోంగూర పచ్చడి ఇంటినుండి తెచ్చిందే. ఆయన కళ్లనీళ్లు కారేలా తిని, ఇంకొంచెం పెట్టమన్నాడు. పెళ్లయిన తరువాత ఇలా కూర్చొని తినడం ఇదే అని మాకు వచ్చిన కొద్దిపాటి తమిళంలో అర్థమైంది.

తిరిగి వచ్చిన తరువాత అన్నగారి సంఘపెద్దలు కూర్చొని, నెలలో ఒక ఆదివారం సాయంత్రపు ఆరాధన తామే నడిపించేటట్టు, సోమవారం పాస్టరుగారింటికి చావుబ్రతుకుల సంగతికి తప్ప వెళ్లకుండేటట్టు తీర్మానం వ్రాసుకొన్నారు. తీర్మానం పుస్తకంలో మొదటి సంతకం వడ్రంగిది. మిగిలిన మూడు సంఘాల్లో ఇంకా మాటల్లోనే ఉన్నది. ఒక చోటనైతే "మాకు సెలవు ఎవరిస్తున్నారు?" అని వ్యవసాయ కూలీ ఒకాయన అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. విశ్రాంతి దినపు ఆజ్ఞలో దాసునికి, దాసికి, ఎద్దుకు, గాడిదకు కూడా విశ్రాంతి వ్రాసియున్నది గనుక ఆ ప్రశ్న సంఘంలో ఇంకా నడుస్తున్నది.

వెళ్లదలచినవారికి కొన్ని సంగతులు. 2024 మే నెలనుండి హైకోర్టు ఉత్తర్వు ప్రకారం కొండమీదికి వెళ్లే వాహనానికి ఈ-పాస్ ఉండాలి, ముందుగానే తీసుకోండి. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు తీసుకొని వెళ్లనివ్వరు. ఏప్రిల్, మే నెలల్లో జనం, గది అద్దెలు రెండూ ఎక్కువ. వేసవి దాటిన తరువాత వెళ్తే స్వెట్టరు, గొడుగు తప్పనిసరి. కొడై వెల్లుల్లి కొనుక్కోండి, మన వెల్లుల్లికన్నా ఘాటు ఎక్కువ, చాలా కాలం నిలువ ఉంటుంది. స్టీలు డబ్బా ఒకటి తీసుకొని వెళ్లండి, మూత బిగుతుగా ఉండేది.